పస్తున్న మట్టి

విద్యార్థినుల హాస్టలు, మూడో అంతస్తు
జూన్ 9

పెదనాన్నా,

ముందు ఈ ఉత్తరం చదువు, తర్వాతే డబ్బాలు విప్పు. నువ్వు తలకిందులుగా చేస్తావని తెలుసు కాబట్టే పెట్టె మూత మీద ఎర్ర సిరాతో కూడా రాశాను.

ఫోన్లో చెప్పెయ్యొచ్చుగా అనకు. ఫ్యాక్టరీ కంచె లోపలికి ఫోన్ తేకూడదని గేటుకి బోర్డు కొట్టించిందే మీ ఇంజనీరు. నువ్వు బయటికొచ్చి మాట్లాడినా లాభం లేదు. నీ ఎడమ చెవిని ఫ్యాక్టరీ హోరు ఎప్పుడో మింగేసింది, కుడి చెవి నీకు నచ్చిన మాటలే వింటుంది. అందుకని ఉత్తరాలే. వారానికోసారి వ్యానులో నువ్వు పంపే నీళ్ల సీసాల మధ్య నీ ఉత్తరం, నేను పంపే ఖాళీ సీసాల మధ్య నా ఉత్తరం. నిజం చెప్పాలంటే నాకు ఇదే బాగుంది. ఈ మధ్య మాటల పిచ్చి పట్టింది నాకు. ఒక్కో మాటనీ వెలుగులో పెట్టి తిప్పి తిప్పి చూడాలనిపిస్తోంది.

ఇక అసలు సంగతి. నాలుగు డబ్బాల్లో ఉన్నవి బ్యాక్టీరియా. పోయిన ఏడాది మీ పేలుడు మందుల ఫ్యాక్టరీ కడుగుడు షెడ్డు వెనక తీసిన గుప్పెడు మట్టిలో దొరికినవే. ఫ్యాక్టరీ మూతపడి ఇరవై ఏళ్లయినా ఆ మట్టిలో పేలుడు మందు అలాగే ఉంది, వాన పడ్డప్పుడల్లా కాలనీ బావిలోకి దిగుతోంది. మనుషులకి పనికిరాని ఆ చోట ఇవి ఎవరూ పిలవకుండానే వచ్చి, ఎవరూ నేర్పకుండానే మందుని విరగ్గొట్టి బతకడం నేర్చుకున్నాయి. ఒక్కొక్కటి వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. కానీ కోట్ల కొద్దీ ఉంటాయి, అలసట తెలియదు, తాము చేస్తున్నది గొప్ప పని అని కూడా తెలియదు. అలాంటివాళ్లంటే నాకు ఎందుకో కళ్లు చెమ్మగిల్లుతాయి.

నువ్వు చెయ్యాల్సింది ఇది. బావి నీళ్లు పంపుతో మట్టి మడిలోకి వస్తాయి, మడిలోంచి ఇంకి అవతలి తొట్టిలో పడతాయి. డబ్బాల్లో ఉన్నది మడి అంతా సమంగా చల్లు. ఆ తర్వాత రోజూ పొద్దున ఒక మగ్గు, సాయంత్రం ఒక మగ్గు చక్కెర నీళ్లు. అంతే. సోమవారం సోమవారం తొట్టి నీళ్లు ఒక సీసా నింపు. చేసిన ప్రతి పనీ నీలం నోటుబుక్కులో రాయి.

మడి కిందుగా కడుగుడు షెడ్డు పాత గొట్టం పోతోంది, గుర్తుందిగా? దాని లోపల మందు గట్టిపడి ఉంది. తడిగా ఉన్నంతకాలం నిద్రపోతుంది. ఇనుప పార మాత్రం మడి దరిదాపులకి రాకూడదు. చెక్కదే వాడు.

లీటరు బావి నీళ్లలో మందు ఇవాళ నూట ఎనభై పాళ్లు. కమిటీ పెట్టిన గడువు ప్రకారం నవంబరు ముప్పైకల్లా తొట్టిలో అది రెండుకి దిగాలి. దిగకపోతే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. బావిని కాంక్రీటుతో పూడ్చేస్తారు, కాలనీలో రెండు వందల ఇళ్లకీ ఖాళీ చెయ్యమని నోటీసులు అంటిస్తారు. ఆ ఇళ్లలో ఒకటి నేను పుట్టిన ఇల్లు.

ఈ పనికి మనిషిని పెట్టమంటే మా ప్రయోగశాల మేడమ్ చదువుకున్నవాణ్ణి చూద్దామన్నారు. "ముప్పై ఒక్క ఏళ్లు ఫ్యాక్టరీ కాంటీన్లో మూడు వందల మందికి వేళ తప్పకుండా వండినవాడున్నాడు, మా పెదనాన్న" అన్నాను. నా పరువు నీ మగ్గులో ఉంది.

నీ
వసపిట్ట


కంచె లోపల, పంపు గది
జూన్ 17

వసపిట్టా,

నాలుగు పేజీల ఉత్తరం. వ్యాను డ్రైవరు చూసి "పెళ్లి సంబంధమా బాబాయ్?" అన్నాడు. "కాదురా, వంటవాడికి వడ్డించాల్సిన జాబితా" అన్నాను. వెంట్రుక దగ్గర నీ కళ్లు చెమ్మగిల్లాయి సరే, నాకు మాత్రం మగ్గు ఎంత పెద్దదో రాయలేదు. కాంటీను మగ్గే వాడుతున్నాను. తప్పయితే చెప్పు.

చల్లడం అయింది. చెక్క పార దొరకలేదు. కాంటీన్లో పెద్ద గుండిగ కలిపే తెడ్డు ఇంకా గోడకి వేలాడుతోంది, దాన్నే చెక్కి పార చేశాను. ఇన్నాళ్లకి దానికీ పని దొరికింది, నాకూ దొరికింది.

నా పంక్తిలో భోజనానికి కూర్చున్నవి కంటికి కనిపించవు. మట్టి మట్టిలాగే ఉంది. కానీ నాలుగో రోజున వంగి వాసన చూస్తే కొంచెం మారింది. పులియడానికి ముందు పిండి వాసనలా. బతికే ఉన్నాయన్నమాట.

ఒక్కటి అడుగుతాను. ఉత్త చక్కెర నీళ్లేనా? జ్వరం పడి లేచినవాడికి కూడా ఇంతకంటే పెడతాం. అంత పని చెయ్యమంటున్నావు, పెట్టేది మాత్రం రెండు మగ్గుల తీపి నీళ్లు. నా చేత్తో ఎవరికీ ఇలా వడ్డించలేదు.

ఇంకో మాట. మీ మేడమ్ దగ్గర నన్ను మరీ పొగడకు. ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో కాంటీన్లోకి ఆ బావి నీళ్లే వచ్చేవి. ఒక ఏడాది గులాబీ రంగులో వచ్చాయి. తుప్పు అన్నాడు ఫోర్‌మన్. నాలుగు మడతల గుడ్డలో వడకట్టాను. రంగు కాస్త తగ్గింది. అందరికీ పోశాను. మీ నాన్న గ్లాసులో కూడా పోశాను. ఎవరూ అడగలేదు. అడిగితే నేనూ తుప్పే అనేవాణ్ణి. అందుకే ఈ పని ఒప్పుకున్నాను, నీ పరువు కోసం కాదు.

మొదటి సీసా పంపుతున్నాను. మూత గట్టిగా బిగించాను, డ్రైవరు చేత కూడా బిగింపించాను.

పెదనాన్న


విద్యార్థినుల హాస్టలు
జూలై 28

పెదనాన్నా, పెదనాన్నా,

నూట ఎనభై. నూట యాభై రెండు. నూట పద్దెనిమిది. ఎనభై తొమ్మిది. ఈ సోమవారం అరవై ఒకటి!

ఈ అంకెల్ని పైకి చదివి చూడు, మెట్లు దిగుతున్నట్టు లేదూ? మెషిన్ కాగితం బయటికి తోస్తుంటే నేను కొస పట్టుకుని లాగేశాను. మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ చదివారు. ఆవిడ నవ్వడం నేను చేరాక ఇదే మొదటిసారి. పక్క బల్ల అబ్బాయి "మీ పెదనాన్నకి ఏం జీతం ఇస్తున్నారు?" అన్నాడు. "రోజుకి రెండు మగ్గుల పొగడ్త" అన్నాను.

నువ్వు రాసిన గులాబీ నీళ్ల సంగతి చదివాను. ఎన్నిసార్లు చదివానో చెప్పను. దానికి జవాబు రాయబోయి మూడు కాగితాలు చించేశాను. ఈ అంకెలే నా జవాబు అనుకో.

చక్కెర నీళ్లు చాలు, బెంగ పెట్టుకోకు. వాటి సంగతి వాటికి తెలుసు. కాంటీను మగ్గు సరిపోతుంది.

ఈ లెక్కన దిగితే అక్టోబరుకే రెండుకి వస్తాం. బావి మీద మూత తీసే రోజు నేను సెలవు పెట్టి వస్తాను.

వసపిట్ట


పంపు గది
ఆగస్టు 18

వసపిట్టా,

అంకెలు కాలనీలో చదివి వినిపించాను. ట్యాంకరు దగ్గర బిందెల వరస ఉంటుందిగా, అక్కడే నిలబడి చదివాను. మీ పక్కింటి పిన్ని అంది: "అరవై ఒకటి నుంచి రెండుకి రావడానికి ఎన్నాళ్లు బావగారూ? నా నడుం అన్నాళ్లు ఆగుతుందా?" అందరూ నవ్వారు, కానీ జవాబు కోసం నా మొహంలోకే చూశారు.

త్వరగానే వస్తుందన్నాను. నాకు వదిలెయ్యమన్నాను.

నీ పంక్తి కులాసా. ఈ పదిహేను రోజుల్లో బాగా ఒళ్లు చేశాయి. మడి మీద నురుగు కడుతోంది, పొద్దున్నే చూస్తే జిగటగా మెరుస్తోంది. నీళ్లు ఇంకడం కొంచెం నెమ్మదించింది, తెడ్డుతో పైపైన కదిపితే సర్దుకుంది. ఆకలి తీరిన వాసన వస్తోంది. నా ముక్కు ఇలాంటి విషయాల్లో ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

వ్యాను హారన్ కొడుతోంది. ఉంటాను.

పెదనాన్న


విద్యార్థినుల హాస్టలు
సెప్టెంబరు 9

పెదనాన్నా,

కుశల ప్రశ్నలు తర్వాత. మడి దగ్గర ఏమైనా మారిందా?

ఆగస్టు మొదటి వారం నుంచి అంకె దిగడం లేదు. అరవై ఒకటి, అరవై, అరవై మూడు, అరవై రెండు. నిన్నటిది అరవై ఆరు. మొదట మెషిన్ని అనుమానించాను. విప్పి కడిగాను. తర్వాత నన్ను నేను అనుమానించుకున్నాను. ఒకే సీసాని మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ అరవై ఆరే.

నీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. బాగా ఒళ్లు చేశాయన్నావు. నిజమే, నువ్వు పంపిన నీళ్లలో అవి అంతకుముందుకంటే పదింతలు ఉన్నాయి. పదింతలు ఉన్నవి పదింతలు తినాలి కదా? ఎందుకు తినడం లేదు?

నేనడిగేవాటికి సూటిగా జవాబు రాయి. పంపు అదే వేగంతో నడుస్తోందా? చక్కెర మార్చావా? వాన నీళ్లు మడిలోకి వచ్చాయా? ఎవరైనా ఏదైనా పోశారా? చిన్నదైనా సరే.

ఇంకా పన్నెండు వారాలే ఉన్నాయి.

వసపిట్ట


పంపు గది
సెప్టెంబరు 16

వసపిట్టా,

పంపు అదే వేగం. చక్కెర అదే. వాన రాకుండా రేకు కప్పాను. కంచె లోపలికి నేనూ ఇంజనీరూ తప్ప పురుగు కూడా రాదు.

నీలం నోటుబుక్కు పంపమంటే పంపుతాను. పొద్దున మగ్గు, సాయంత్రం మగ్గు. ఒక్క పూట తప్పలేదు. ముప్పై ఒక్క ఏళ్లు వేళ తప్పనివాణ్ణి ఇప్పుడు తప్పుతానా?

మెషిన్లు ఒక్కోసారి అలాగే చేస్తాయి. మా కాంటీన్లో త్రాసు కూడా వానాకాలం మొరాయించేది. ఇంకో రెండు వారాలు చూడు.

సరిగ్గా తింటున్నావా? పోయినసారి వచ్చినప్పుడు మెడ ఎముకలు కనిపించాయి.

పెదనాన్న


విద్యార్థినుల హాస్టలు
అక్టోబరు 6

పెదనాన్నా,

నీకు చెప్పకూడదనుకున్నది చెబుతున్నాను. చెప్పక తప్పేలా లేదు.

పోయిన నెల మేడమ్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. లోపల ఇంకో ఇద్దరు పెద్దవాళ్లు ఉన్నారు. "జూలైలో అంత బాగా దిగినవి ఆగస్టులో ఉన్నపళంగా ఎందుకు ఆగిపోయాయి?" అన్నారు. తెలియదన్నాను. "జూలై అంకెలు నిజంగా మెషిన్ ఇచ్చినవేనా?" అన్నారు. ఆ ప్రశ్న ఏమిటో అర్థం కావడానికి నాకు కొంచెంసేపు పట్టింది. నేను కల్పించానా అని అడుగుతున్నారు. బయటికొచ్చాక పక్క బల్ల అబ్బాయి మొహం చాటేశాడు.

మేడమ్ మాత్రం నా వైపే నిలబడ్డారు. ఆవిడ ఆలోచించింది ఇది: బ్యాక్టీరియా తింటూనే ఉండి ఉంటాయి, కానీ కింది పాత గొట్టం ఎక్కడో పగిలి ఉంటుంది. తిన్నంతా గొట్టంలోంచి కొత్త మందు వచ్చి పూడుస్తోంది. అంకె అందుకే కదలడం లేదు. అది నిజమో కాదో తేలాలంటే దారి ఒక్కటే, మడిని విప్పి గొట్టాన్ని పైకి తియ్యాలి.

ఈ నెల ఇరవైన తవ్వుతారు. తవ్వే మెషిన్ వస్తుంది. ముందు రోజంతా తడుపుతారు, బాంబులు తీసేవాళ్లు ఇద్దరు పక్కనే ఉంటారు. గొట్టం బయటపడగానే చుట్టూ ఉన్న మట్టిని చేత్తో తియ్యాలి. అలాంటి మట్టిని తీసి అలవాటున్నది ప్రయోగశాలలో నాకే. నేనే గోతిలోకి దిగుతానన్నాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు. జూలై అంకెలు నావి కాబట్టి నేనే దిగాలి.

భయపడకు. నేను కూడా భయపడటం లేదు అని రాద్దామనుకున్నాను. ఆ వాక్యం ఎటు తిప్పినా కుదరలేదు.

వసపిట్ట


పంపు గది
అక్టోబరు 8

అమ్మా,

వ్యాను వచ్చే రోజు కాదు ఇవాళ. డ్రైవరు ఇంటికి నడిచి వెళ్లి, కాళ్లావేళ్లా పడి ఈ ఉత్తరం నీ చేతికే ఇవ్వమని పంపుతున్నాను. చదవగానే మీ మేడమ్ దగ్గరికి వెళ్లు. తవ్వొద్దు. గొట్టం పగల్లేదు. తప్పు నాది.

నువ్వు అడిగినప్పుడు ఎవరూ ఏమీ పొయ్యలేదన్నాను. నేను పోశాను.

ఆగస్టు మూడు నుంచి. నువ్వు అంకెలు రాసిన వారమే. అంత పని చేస్తున్నాయి, ఉత్త తీపి నీళ్లతో చేస్తున్నాయి, ఇంకొంచెం బలమైనది పెడితే ఇంకా త్వరగా ముగిస్తాయి కదా అనుకున్నాను. బిందెల వరసలో ఆ నడుములు చూసి వచ్చిన రోజది. ఇంట్లో పప్పు గింజలు ఉడకబెట్టి, ఆ తేట ఒక క్యాను తెచ్చి పోశాను. రెండో రోజుకే నురుగు కట్టింది. నాకెంత సంతోషమైందో చెప్పలేను. పిల్లలు ఆవురావురుమని తింటుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ రోజు నుంచి రోజూ పోస్తున్నాను.

సెప్టెంబర్లో నీ ఉత్తరం వచ్చింది. తేటకీ అంకెకీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. కానీ నీకు చెప్పాల్సింది. చెప్పలేదు. నీ దగ్గర కూడా నా మాట పోతే ఇంకెక్కడ నిలబడను అనిపించింది. అబద్ధమాడాకైనా మానెయ్యాల్సింది, అదీ చెయ్యలేదు. మానేస్తే ఒప్పుకున్నట్టే అవుతుందని మొండికేశాను. నిన్నటిదాకా పోశాను.

ముప్పై ఒక్క ఏళ్లు పెట్టకూడని నీళ్లు పెట్టాను. ఈసారైనా మంచిది పెడదామనుకున్నాను. ఇంతకంటే చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఆ గొట్టం సంగతి నీకు తెలియదు. ఒకసారి అది పూడుకుపోతే పొడుగు మేస్త్రి ఇనుప చువ్వ తీసుకుని వెళ్లాడు. వెళ్లే ముందు నా దగ్గర ఆగి టీ తాగాడు, చక్కెర తక్కువైందని తిట్టాడు. గ్లాసు కడిగి బోర్లించేలోపు చప్పుడు వినిపించింది. కాంటీన్లో పళ్లేలన్నీ కింద పడ్డాయి. ఆ రోజూ గొట్టం తడిగానే ఉందన్నారు. పైకి తడిగా ఉన్నది లోపల ఎండి ఉంటుంది.

నువ్వు ఆ గోతిలోకి దిగకూడదు. నీ కాళ్లు పట్టుకుంటాను.

పెదనాన్న


ప్రయోగశాల
అక్టోబరు 11

పెదనాన్న గారికి,

మీ ఉత్తరం అందింది. మేడమ్‌కి చూపించాను. తవ్వకం ఆపారు.

నోటుబుక్కులో లేనిది మడిలో ఏది పడినా ప్రయోగం చెల్లదని మొదటి రోజే రాసుకున్న నియమం. ఏం చెయ్యాలో ఇరవై అయిదున కమిటీ తేలుస్తుంది. ఈలోగా మీరు చక్కెర నీళ్లు తప్ప ఇంకేదీ మడిలో పొయ్యొద్దు. జరిగింది జరిగినట్టు రాసి, సంతకం పెట్టి పంపండి.

నెల రోజులు నన్ను దొంగని చూసినట్టు చూశారు ఇక్కడ. మీరు ఒక్క వాక్యం రాసి ఉంటే చాలు.


పంపు గది
అక్టోబరు 14

తల్లీ,

"మీరు" అన్నావు. నీకు మాటలు వచ్చినప్పటినుంచి ఇదే మొదటిసారి. నువ్వు తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

సంతకం పెట్టిన కాగితం లోపల ఉంది. దాంతోపాటు ఇంకోటి పంపుతున్నాను, పనికొస్తుందో లేదో నువ్వే చూడు.

కాంటీన్లో గుండిగలో ఏం పడినా గోడ మీద బొగ్గుతో గీసుకోవడం నా అలవాటు. ఎంత పోశాం, ఎప్పుడు పోశాం, ఎవరికి పోశాం. మూడు వందల మందికి వండేవాడు గుర్తు మీద ఆధారపడితే కొంప మునుగుతుంది. చెయ్యి ఊరుకోదు కదా. పంపు గది గోడ మీద కూడా గీశాను. నీలం నోటుబుక్కులో నీకు కనిపించేది రాశాను, గోడ మీద నిజం రాశాను. ఆగస్టు మూడు నుంచి అక్టోబరు ఏడు దాకా ఒక్కో రోజూ, ఎన్ని క్యాన్లు, ఏ వేళ. ఎనిమిది రోజులు తేట పొయ్యలేదు, నాకు ఒంట్లో బాగాలేక గింజలు ఉడకబెట్టలేదు, చక్కెర మగ్గులు మాత్రం పోశాను. ఆ రోజులు ఖాళీగా ఉన్నాయి.

ఇంజనీరుకి చూపించాను. ఆయనే మొత్తం కాగితం మీదికి ఎక్కించి, కింద తన సంతకం కూడా పెట్టాడు.

ఎనిమిదో తారీకు నుంచి చక్కెర నీళ్లు తప్ప ఏమీ లేదు. నురుగు పోయింది. మడి మొహం పీక్కుపోయినట్టుంది. చూడలేకపోతున్నాను. అవతల పంక్తిని పస్తుంచి నేను కూర్చుని తినడం నా వల్ల కావడం లేదు, సాయంత్రం భోజనం మానేశాను. నీకు చెప్పకుండా ఇకమీదట ఏదీ చెయ్యను కాబట్టి ఇదీ చెబుతున్నాను.

పెదనాన్న


విద్యార్థినుల హాస్టలు
నవంబరు 10

పెదనాన్నా,

నాలుగు వారాలు నీకు రాయలేదు. ఖాళీ సీసాలు ఖాళీగానే పంపాను. నువ్వు వాటి మధ్య వెతికి ఉంటావు. ఆ సంగతి తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ముందు అంకెలు. నువ్వు ఆపిన మరుసటి వారం యాభై ఎనిమిది. తర్వాత నలభై. తర్వాత ఇరవై నాలుగు. పోయిన సోమవారం పదకొండు.

నీ గోడ కాగితాన్ని మేడమ్ నా అంకెల పక్కన పెట్టి చూశారు. నువ్వు పోసిన రోజుల్లో ఆగింది, ఆపిన రోజుల్లో దిగింది. నీకు ఒంట్లో బాగాలేని ఎనిమిది రోజులున్నాయే, ఆ వారం అరవై మూడు నుంచి అరవై రెండుకి వచ్చింది. ఒక్క మెట్టు. అది పొరపాటు అని కొట్టేశాను నేను. పొరపాటు కాదు. కమిటీలో పెద్దాయన కాగితం చేత్తో పట్టుకుని చాలాసేపు చూసి, "మనం చెయ్యాల్సిన పరీక్ష ఈ వంటాయన చేసి పెట్టాడు" అన్నాడు. అంటే నిన్ను మెచ్చుకున్నారని కాదు. నీ పేరుతో హెచ్చరిక ఫైల్లో పెట్టారు. నాకూ ఒకటి. కానీ జూలై అంకెలు నిజమని రాసిచ్చారు. గడువు జనవరి ముప్పై ఒకటి దాకా పొడిగించారు. అప్పటికీ రెండుకి రాకపోతే కాంక్రీటే.

ఇప్పుడు నా తప్పు.

చక్కెర వాటికి నడవడానికి బలం. కానీ ఒళ్లు పెరగాలంటే నత్రజని కావాలి. చక్కెరలో అది లేదు. మడిలో అది ఉన్నది ఒక్క మందులోనే. గత్యంతరం లేక మందుని విరగ్గొట్టి దాన్ని లాక్కుంటాయి. నువ్వు పోసిన తేటలో అది సమృద్ధిగా ఉంది. చేతికందే చోట వడ్డన ఉంటే ఆ కష్టం ఎందుకు పడతాయి? బాగా తిన్నాయి, ఒళ్లు చేశాయి, మందు జోలికి పోలేదు. వాటిని ఆకలితో ఉంచడమే ఈ పనికి ప్రాణం.

ఇది నేను జూన్‌లోనే రాయాల్సింది. నువ్వు అడిగావు కూడా, ఉత్త చక్కెర నీళ్లేనా అని. వెంట్రుక మందం గురించి రాశాను, కళ్లు చెమ్మగిల్లడం గురించి రాశాను, ఎందుకు ఇంకేదీ పెట్టకూడదో ఒక్క వాక్యం రాయలేదు. "వాటి సంగతి వాటికి తెలుసు" అన్నాను. ఎంత బాగా చెప్పానా అనుకున్నాను ఆ రోజు. జీవితమంతా ఇంకొకరి కడుపు నింపినవాడికి, కారణం చెప్పకుండా, ఆకలిగా ఉన్నవాళ్లని చూస్తూ కూర్చోమన్నాను.

నువ్వు దాచింది నేను ఇంకా పూర్తిగా మరిచిపోలేదు. అబద్ధం చెప్పను. కానీ నిన్ను మీరు అన్న రోజు నాకు ఒక్క ముద్ద దిగలేదు.

నువ్వు సాయంత్రాలు భోజనం చెయ్యి. బ్యాక్టీరియాకి నువ్వు తోడు పస్తుండక్కర్లేదు.

నీ
వసపిట్ట


పంపు గది
జనవరి 27

వసపిట్టా,

పోయినవారం మూడుకి వచ్చిందని రాశావు. ఇదే ఆఖరి సీసా. ఇంజనీరు పక్కనే నిలబడి మూత మీద సీలు వేశాడు. కాంక్రీటు కలిపే మెషిన్ గేటు బయట తెచ్చి పెట్టారు మూడు రోజుల కిందట. ఎవరూ దాన్ని చూడనట్టే నడుస్తున్నారు కాలనీలో. మీ పక్కింటి పిన్ని మాత్రం దాని మీద బట్టలు ఆరేసింది. ఆ మెషిన్ డ్రైవరు తియ్యమంటే "నీ బండి ఎలాగూ ఊరికే ఉందిగా నాయనా, దానికీ ఓ పని" అంది.

ఈ మూడు నెలలూ ఏం చేశానో చెప్పనా? ఏమీ చెయ్యలేదు. నా జన్మలో ఇంత కష్టమైన పని ఇదే. పొద్దున ఒక మగ్గు, సాయంత్రం ఒక మగ్గు, మధ్యలో స్టూలు మీద కూర్చుని చేతులు తొడల కింద పెట్టుకోవడం. మట్టి ఎండు గొంతుతో అడుగుతున్నట్టే ఉంటుంది. ఇంట్లో గింజలు ఉడుకుతుంటే ఆ వాసనకి క్యాను పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చిన రోజులు ఉన్నాయి. కారణం తెలిసింది కాబట్టి కూర్చోగలిగాను. తెలియకపోతే ఈసారి కూడా పోసేవాణ్ణే. అందుకని నీ తప్పు నీదే, నేను తీసుకోను. నాది నాకుంది.

భోజనం సంగతి అడగొద్దు. చెయ్యడం లేదు. ఇవి మందు తిని ముగించేదాకా సాయంత్రం నేను తిననని అనుకున్నాను, అనుకున్నాక అంతే. పొద్దున బాగానే తింటున్నాను, కంగారు పడకు.

సీసా నింపేటప్పుడు ఒకటి జరిగింది. తొట్టి నీళ్లు తేటగా ఉన్నాయి. రంగు లేదు, వాసన లేదు. చెయ్యి దానంతట అదే గరిటె కోసం వెళ్లింది. ఏది వండినా బయటికి పంపేముందు ఒక చుక్క నాలుక మీద వేసుకోవడం నాకు అలవాటు. ఆ గులాబీ నీళ్లు కూడా రుచి చూసే పోశాను. బాగున్నాయనే అనుకున్నాను. నా నాలుక మీద నాకు అంత నమ్మకం.

ఇవాళ గరిటె వెనక్కి పెట్టేశాను.

అందులో ఏముందో నేను చెప్పలేను. నువ్వు చెప్పాలి. నేను రుచి చూడకుండా పంపుతున్న మొదటి వంట ఇదే.

పెదనాన్న


ప్రయోగశాల
జనవరి 30

పెదనాన్నా,

ఒకటి పాయింట్ ఆరు. మూడుసార్లు కొలిచాను, మేడమ్ ఎదురుగా. కాంక్రీటు మెషిన్ వెనక్కి వెళ్లిపోతుంది, పిన్నిని బట్టలు తీసుకోమను.

ఈ పూట కడుపు నిండా భోజనం చెయ్యి. నువ్వొక్కడివే. వాటికి వద్దు.

వసపిట్ట